పెద్దలకు పెట్టుకోవడం: ఒక యువ రచయిత్రికి లేఖ

సత్యనారాయణపురం,
విజయవాడ

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

గుంటూరు నుంచి నువ్వు పంపిన కథ, దానితో పాటు పెట్టిన ఉత్తరం మొన్న సాయంత్రం అందాయి. కథ రెండుసార్లు చదివాను. ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఎందుకో చెబుతాను, కొంచెం ఓపిక పట్టు.

నాయనమ్మ పోయాక వచ్చిన మొదటి సంక్రాంతికి మీ ఇంట్లో పండుగ లేదు. పొయ్యి మీద మూకుడు పెట్టలేదు, పక్కింటివాళ్లు ఇచ్చిన అరిసెలే తిన్నారు. సంవత్సరీకం అయ్యాక వచ్చిన సంక్రాంతికి ఆవిడ పటం ముందు కొత్త చీర పెట్టారు. నీ కథ అక్కడ మొదలవుతుంది. మంచి చోటే మొదలుపెట్టావు. ఏడాది పాటు పండుగ మానుకున్న ఇల్లు మళ్లీ గుమ్మానికి మామిడాకులు కట్టేటప్పుడు ఆ ఇంట్లోవాళ్లకు సంతోషమూ ఉంటుంది, ఏదో తప్పు చేస్తున్నామన్న బెరుకూ ఉంటుంది. "నూనె కాగుతుంటే అమ్మ వంటింటి తలుపు దగ్గరగా వేసింది" అన్న ఒక్క వాక్యంలో ఆ బెరుకు మొత్తం వచ్చేసింది. ఎన్నిసార్లు తిరగరాసినా ఆ వాక్యం జోలికి మాత్రం వెళ్లకు.

ఆ తర్వాత పట్టు తప్పింది. పటం ముందు కూర్చున్న మనవరాలి చేత "నీకు నేనెంతో కృతజ్ఞురాలిని నాయనమ్మా" అనిపించావు. "ఆమె చేతులు మమతకు నిలయాలు" అన్నావు. పురోహితుణ్ణి పిలిపించి మంత్రాలు చదివించావు. మీ ఇంట్లో ఎప్పుడైనా అలా జరిగిందా? జరిగింది వేరే. పండుగనాడు మీ నాన్నగారు స్నానం చేసి వచ్చి, చీర పక్కన ఒక గ్లాసుడు టీ పెట్టి, అది చల్లారేదాకా గోడకు ఆనుకుని నిలబడ్డారని నీ ఉత్తరంలో రాశావు. "టీ సంగతి కథలో బాగుండదని తీసేశాను మాస్టారూ" అని కింద చేర్చావు. అమ్మా, ఆ టీ గ్లాసు కోసమే నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నా ఇంటి తర్పణం నీ కథలోకి అరువు తెచ్చుకోకు. మీ ఇంట్లో మీ పెద్దలకు ఏం పెడతారో, ఎలా పెడతారో, అదే రాయి. దానికి ఎవరి మంత్రమూ తోడు అక్కరలేదు.

మన ఇళ్లల్లో కన్నతల్లికి ఎవరైనా కృతజ్ఞతలు చెప్పగా విన్నావా? చెబితే ఆవిడ కంగారుపడి, ఒంట్లో బాగాలేదా అని నుదుటి మీద చేయి వేసి చూస్తుంది. ఆ పనికి మనకున్న మాట వేరు. పెట్టడం. అన్నం పెడతాం, బొట్టు పెడతాం, పండుగకు వచ్చిన ఆడపడుచుకు బట్టలు పెడతాం, దణ్ణం పెడతాం. పోయినవాళ్లకు పిండం పెడతాం, కాకికి ముద్ద పెడతాం. సంక్రాంతిని పెద్ద పండుగ అంటాం, ఆనాడు చేసేదాన్ని పెద్దలకు పెట్టుకోవడం అంటాం. ఆ 'కోవడం' దగ్గర ఒక్క క్షణం ఆగు. పెట్టేది వాళ్లకే, కానీ కడుపు నిండేది మనకు. బతికున్నన్నాళ్లూ వాళ్లు మనకు పెట్టారు, ఇప్పుడు మనం వాళ్లకు పెట్టుకుంటున్నాం. ఇంత బరువు మోసే క్రియ చేతిలో ఉండగా, రాసే మనం దాన్ని వదిలేసి సన్మానపత్రాల భాషలోకి ఎందుకు వెళతామో నాకు అర్థం కాదు. వెళ్లినవాళ్లలో నేనూ ఒకణ్ణి, అది తర్వాత చెబుతాను.

పోనీ, నీకు అంత ఇష్టమైన ఆ సంస్కృతపదమే ఏం చెబుతోందో చూడు. కృతం అంటే చేసినది. జ్ఞ అంటే ఎరిగినవాడు. అవతలివాళ్లు చేసినది ఎరిగి ఉండటమే కృతజ్ఞత. ఏం చేశారో తెలియకపోతే ఆ మాటకు అర్థమే లేదు. మరి నాయనమ్మ ఏం చేసిందో నీకు తెలుసా?

తెలుసనే అంటావు. మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లేదని కథలో ఒక వాక్యం ఉంది. మీ మిర్చి యార్డుకు వచ్చే బస్తాలు ఎన్ని చేతుల మీదుగా పోతాయో గుంటూరు పిల్లవి, నీకు నేను చెప్పాలా? ముక్కుకు కొంగు చుట్టుకుని, నేల మీద కూర్చుని, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక్కో కాయ తొడిమా తుంచే ఆడవాళ్ల చేతులు అందులో ఉన్నాయి. మిరపకాయలో మంట పుట్టించే క్యాప్‌సైసిన్ నీళ్లలో దాదాపు కరగదు, నూనెలో కరుగుతుంది. ఆ పని చేసి వచ్చిన మనిషి ఎన్ని చెంబుల నీళ్లతో కడుక్కున్నా చేతుల మంట పోదు. గోళ్ల సందుల్లో చేరింది మరీ పోదు.

ఇప్పుడు నీ కథలోనే మూడో పేజీ తీసి చూడు. "నాయనమ్మ ఏనాడూ నాకు కాటుక పెట్టలేదు. భోగిపళ్లు పోసేటప్పుడు కూడా దూరంగానే నిలబడేది" అని రాశావు. ఆవిడ ముభావంగా ఉండే మనిషి అని చెప్పడానికి ఆ మాట వాడుకున్నావు. తొడిమల వాక్యం మొదటి పేజీలో ఉంది, కాటుక వాక్యం మూడో పేజీలో ఉంది. రెండింటినీ ఒకచోటికి తెచ్చి చూశావా? ఆ చేతులతో పసిపిల్ల కళ్ల దగ్గరికి ఆవిడ ఎలా వస్తుంది?

నా ఊహ తప్పు కావచ్చు. అందుకే నన్ను నమ్మి రాయవద్దు, మీ నాన్నగారిని అడుగు. పండుగకు ముందు ఆవిడ పని మానేసేదా, మానితే ఎన్ని రోజులు మానేది? కూలి కిలో లెక్కనా, రోజు లెక్కనా? రాత్రి పడుకునే ముందు చేతులకు ఏం రాసుకునేది? ఆ టీ ఎన్ని గంటలకు తాగేది, ఎవరితో కూర్చుని తాగేది? కనుమనాడు కాకైనా కదలదంటారు, ఆయన ఇంట్లోనే ఉంటారు. మధ్యాహ్నం గారెలు తిని నడుం వాల్చి లేచాక పక్కన కూర్చుని అడుగు. చేతిలో కాగితం, కలం పెట్టుకోకు. ఆయన మధ్యలో ఆగిపోతే నువ్వూ ఆగు.

ఇంత గట్టిగా చెప్పడానికి నాకు కారణం ఉంది.

నాన్న తెనాలి పక్క పల్లె నుంచి బెజవాడ వచ్చి, వారాలు చేసుకుని చదువుకున్నారు. నీ వయసువాళ్లు ఈ మాట విని ఉండకపోవచ్చు. చేతిలో డబ్బు లేని పిల్లవాడు ఊళ్లో ఏడు ఇళ్లు మాట్లాడుకుని, రోజుకొక ఇంట్లో భోంచేసి చదువు సాగించేవాడు. నాన్న పోయిన మరుసటి ఏడు ఆయన మీద ఒక వ్యాసం రాశాను. అప్పుడు నాకు ముప్పై ఏళ్లు. ఆయన ప్రతి బుధవారం పొద్దున చద్దన్నమే తినేవారని, ఇంట్లో వేడి అన్నం ఉన్నా ముట్టేవారు కారని రాసి, ఆయన నిరాడంబర జీవితానికి అది గుర్తు అన్నాను. వ్యాసం అచ్చయింది, మెచ్చుకుంటూ ఉత్తరాలు వచ్చాయి. అమ్మ చదివి, "బాగుంది. మీ నాన్నలా లేదు" అని పత్రిక మడిచి నా చేతికి ఇచ్చింది. నొచ్చుకున్నాను. ఎందుకలా అన్నావని మాత్రం అడగలేదు. ఆ అడగకపోవడం ముప్పై ఏళ్లు సాగింది.

2016 ఆగస్టులో కృష్ణకు పుష్కరాలు వచ్చాయి. బృహస్పతి కన్యారాశిలో ప్రవేశించినప్పుడు, పన్నెండేళ్లకు ఒకసారి వచ్చే పుష్కరాలు. ఎనభై దాటిన అమ్మను చేయి పట్టుకుని పద్మావతి ఘాట్‌కు తీసుకువెళ్లాను. పిండప్రదానం చేయించే ఆయన మూడు తరాల పేర్లు అడిగారు. వసు రూపంలో తండ్రి, రుద్ర రూపంలో తాత, ఆదిత్య రూపంలో ముత్తాత. తాత, ముత్తాతల భార్యల పేర్లు కూడా కావాలి. ముత్తాత భార్య పేరు నాకు రాలేదు, వెనక నుంచి అమ్మ అందించింది. తర్వాత కారుణ్య పితరుల వంతు వచ్చింది. మేనమామలు, అత్తమామలు మొదలుకొని గురువు, స్నేహితుడి దాకా అందరినీ తలుచుకునే చోటు అది. "ఇంకా ఎవరైనా ఉన్నారా?" అని ఆయన అడిగితే అమ్మ, "మంగళవారం ఇల్లాలు" అంది.

మెట్ల మీద కూర్చోబెట్టి అడిగాను. నాన్నకు ఆరు ఇళ్లే దొరికాయట. బుధవారానికి ఇల్లు కుదరలేదు. ఆయన ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. మంగళవారం అన్నం పెట్టే ఇంటావిడ ఎలా కనిపెట్టిందో, ఒకనాటి రాత్రి భోజనం అయ్యాక మజ్జిగ పోసి కలిపిన అన్నం ఒక గిన్నెలో పెట్టి ఇచ్చి, "గిన్నె మళ్లీ మంగళవారం తెచ్చివ్వు" అందట. మరో ప్రశ్న వేయలేదు. ఆయన చదువు ముగిసేదాకా ప్రతి మంగళవారం అలాగే జరిగింది.

మా ఇంట్లో ప్రతి సంక్రాంతికి తాతయ్య పంచె, నాయనమ్మ చీర పక్కన ఒక పసుపు రంగు రవికెల గుడ్డ ఉండేది. ఏ అమ్మవారికో అనుకునేవాణ్ణి. నాన్న పోయాక ఏటా దాన్ని అమ్మ చెబితే కొని తెచ్చింది నేనే. చద్దన్నం చూశాను, రవికెల గుడ్డ చూశాను. చూసినదాన్ని ఒక సుగుణంగా మార్చి అచ్చు వేయించుకున్నాను. చిన్నప్పుడు ఒక్క ప్రశ్న వేసి ఉంటే ఆవిడ పేరు నాన్న నోటితోనే వినేవాణ్ణి. అమ్మకూ తెలియదు. నాన్న ఎప్పుడూ మంగళవారం ఇల్లాలు అనే అనేవారట. ఘాట్‌లో నీళ్లు వదిలేటప్పుడు పేరు చెప్పాల్సిన చోట నేనూ అదే మాట చెప్పాను.

కథ గురించి ఇంకో రెండు మాటలు. హరిదాసు, గంగిరెద్దు, గొబ్బెమ్మలు, అందరినీ ఒకే పేరాలో ఊరేగించావు. హరిదాసు అక్షయపాత్రలో బియ్యం పోసేది నాయనమ్మే అయితే ఆయన్ను ఉంచు, కాకపోతే అందరినీ తీసేయి. పటం వర్ణనకు పేజీన్నర ఇచ్చావు, రెండు వాక్యాలు చాలు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు నాకు తెలిసిన ఒక ఇంట్లో పటాలన్నీ నాని ముద్దయిపోయాయి. తర్వాతి సంక్రాంతికి ఆ ఇంటికి వెళ్లాను. గోడ మీద నీటి మరక మనిషి ఎత్తుకు పైన ఉంది. దాని కింద పటం తగిలించిన మేకు ఒక్కటే మిగిలింది. ఆ మేకుకే బంతిపూల దండ వేసి, కింద పీట మీద చీర పెట్టారు. ఆ ఇంటి చిన్నపిల్ల వచ్చి మేకుకు దణ్ణం పెట్టుకుని, అరిసె తీసుకుని బయటికి పరిగెత్తింది. ఇంతవరకూ నేను ఎక్కడా రాయలేకపోయాను, నీకు చెబుతున్నాను.

కథ తిరగరాశాక ముందు నాకు పంపకు. మీ నాన్నగారికి చదివి వినిపించు. ఆయన ఎక్కడైనా "అలా కాదమ్మా" అంటే అక్కడ గుర్తు పెట్టుకో. ఆ తర్వాత పంపు, ఎంత పొడవున్నా చదువుతాను.

అమ్మ పోయి మూడేళ్లయింది. ఈ పండుగకు పెట్టాల్సినవన్నీ నిన్న సాయంత్రం బీసెంట్ రోడ్డుకు వెళ్లి తెచ్చాను. తాతయ్యకు, నాన్నకు పంచెలు, నాయనమ్మకు, అమ్మకు చీరలు. రవికెల గుడ్డ దగ్గర కొట్టతను చాలా రంగులు తీసి చూపించాడు. ఆవిడకు ఏ రంగు ఇష్టమో నాకు తెలియదు. నాన్న ఎప్పుడూ పసుపే తెచ్చేవారు, నేనూ పసుపే తెచ్చాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు