లాయర్ ఎమ్మెల్యే అయితే నల్లకోటు తీసేయాలా?

అక్కర్లేదు. పూర్తికాల జీతగాడు వకాల్తా చేయకూడదన్నది బార్ కౌన్సిల్ 49వ నియమం. ఎమ్మెల్యేకు జీతం వస్తున్నా ప్రభుత్వం అతని యజమాని కాదు, కాబట్టి ఆ నియమం వర్తించదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరులో తేల్చింది. మంత్రి పదవి వస్తే మాత్రం ప్రాక్టీసు పక్కన పెట్టడమే ఆనవాయితీ.

అసలు చిక్కు గెలిచాక కాదు, నామినేషన్ నాడే. ప్రభుత్వ ప్లీడరుగా ఉంటే అది లాభదాయక పదవి అని ప్రత్యర్థి రాజ్యాంగం 191వ అధికరణం పట్టుకుంటాడు; ప్రభుత్వం కింద అలాంటి పదవిలో ఉన్నవాళ్లు ఎమ్మెల్యే కావడానికి అనర్హులని అది చెబుతుంది. రాజస్థాన్‌లో అడ్వొకేట్ కాంతా కథూరియా 1967లో కోలాయత్ నుంచి గెలిచారు. ఒకే ఒక్క వ్యవహారానికి ప్రభుత్వ స్పెషల్ ప్లీడరుగా నియమితులయ్యారన్న కారణంతో హైకోర్టు ఆ ఎన్నిక కొట్టేసింది. ఆమె సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఈలోగా శాసనసభ, పాత తేదీ నుంచే వర్తించేలా, ఆ అనర్హతను తొలగిస్తూ చట్టం చేసింది (అందరికీ ఇంత అదృష్టం పట్టదు). 1969లో సుప్రీంకోర్టు ఆమె ఎన్నికను నిలబెట్టింది.

అందుకే నామినేషన్ల పరిశీలన తేదీకి ముందే ప్లీడరు పదవికి రాజీనామా ఆమోదమైనట్టు ఉత్తర్వు చేతిలో ఉండాలి. లేఖ ఇచ్చిన రసీదును నమ్ముకోవద్దు. మీ రాష్ట్రపు అనర్హతల తొలగింపు చట్టంలో ఆ పదవికి మినహాయింపు ఉందేమో కూడా చూడండి.

మిగతావి అందరికీ ఉన్నవే: 25 ఏళ్లు నిండాలి, డిపాజిట్ 10,000 రూపాయలు (ఎస్సీ, ఎస్టీలకు 5,000), స్వతంత్రుడైతే పదిమంది ప్రతిపాదకులు. నామినేషన్‌తో ఇచ్చే ఫారం 26 అఫిడవిట్‌లో (కేసులు, ఆస్తులు, అప్పుల ప్రమాణపత్రం) ఏ గడీ ఖాళీగా వదలొద్దు, ఏమీ లేకపోతే ‘లేదు’ అని రాయాలి. రోజూ ఇతరుల అఫిడవిట్లు దిద్దేవాళ్లే తమది వచ్చేసరికి ఇక్కడ జారిపోతారు.