విషం జన్యువుల మీద చదివితే ఉద్యోగం ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయి రాజమండ్రిలో బీఎస్సీ మైక్రోబయాలజీ చివరి ఏడాది. ఫుడ్ పాయిజనింగ్ చేసే బ్యాక్టీరియాలో విషాన్ని తయారుచేసే జన్యువుల మీదే చదువుతానని పట్టుబట్టింది. ఎమ్మెస్సీ జెనెటిక్స్‌లో చేర్చమంటారా? ఉద్యోగాలుంటాయా?

జవాబు: చదివించండి. కాకపోతే జెనెటిక్స్ అన్న పేరు చూసి చేర్చకండి. ఈ పనికి పునాది మైక్రోబయాలజీయే. ఎందుకో మనింటి అన్నం గిన్నె చాలు చెప్పడానికి.

మధ్యాహ్నం వండిన అన్నం రాత్రిదాకా బయటే ఉంటే, ఉడుకులో చావని బాసిల్లస్ సీరియస్ బ్యాక్టీరియా స్పోర్లు (గట్టి పొరతో నిద్రాణంగా ఉండే కణాలు) మొలకెత్తుతాయి. వాటిలో కొన్ని రకాలు సెరులైడ్ అనే వాంతుల విషాన్ని వదులుతాయి. పొద్దున తాలింపు వేస్తే బ్యాక్టీరియా చస్తుంది గానీ విషం పోదు, 121 డిగ్రీల వేడికీ లొంగదది. ఆ విషాన్ని తయారుచేసే సెస్ జన్యువులు సుమారు 270 కిలోబేసుల (2.7 లక్షల డీఎన్ఏ అక్షరాల) ప్లాస్మిడ్ మీద, అంటే క్రోమోజోమ్‌కు వేరుగా ఉండే చిన్న డీఎన్ఏ వలయం మీద ఉంటాయి. ఆ ప్లాస్మిడ్ అన్ని రకాల్లో ఉండదు. విరేచనాలు చేయించే విషాల జన్యువులేమో క్రోమోజోమ్ మీద. అందుకే బ్యాక్టీరియా పేరు ఒకటే అయినా ఒక రకం వాంతులు చేయిస్తుంది, ఇంకొకటి చేయించదు.

ల్యాబ్‌లో శాంపిల్‌ను ఎంవైపీ అగార్ ప్లేటు (ఈ బ్యాక్టీరియాను పెంచి గుర్తుపట్టే జెల్లీ పోసిన పళ్లెం) మీద 30 డిగ్రీల దగ్గర 18 నుంచి 24 గంటలు ఉంచుతారు. గులాబీ రంగు కాలనీలు (బ్యాక్టీరియా గుంపులు), చుట్టూ తెల్లటి వలయం కనిపిస్తే వాటిలో సెస్ ఉందా అని పీసీఆర్‌తో (కావలసిన డీఎన్ఏ ముక్కను లక్షల కాపీలుగా పెంచి చూసే పరీక్ష) చూస్తారు. కొత్తవాళ్లు తప్పటడుగు వేసేది ఇక్కడే. అన్నం నుంచి నేరుగా డీఎన్ఏ తీస్తే పిండి, కొవ్వు పీసీఆర్‌కు అడ్డుపడతాయి. పరీక్ష సరిగా నడిచిందో తెలియడానికి ట్యూబులో వేసిన ఇంటర్నల్ కంట్రోల్ (తప్పక ఫలితం రావాల్సిన డీఎన్ఏ) కూడా రాకపోతే అది నెగటివ్ కాదు, చెల్లని ఫలితం. డీఎన్ఏను 10 రెట్లు పలుచన చేసి మళ్లీ నడపాలి. ఇక జన్యువు కనిపించినంత మాత్రాన విషం తయారైనట్టు కాదు. తిరిగి వేడిచేసిన అన్నంలో ఒక్క కాలనీ రాకపోయినా విషం ఉండొచ్చు, దాన్ని ఎల్‌సీ-ఎంఎస్ (రసాయనాలను విడదీసి, బరువును బట్టి గుర్తించే యంత్రం)తో కొలవాల్సిందే. మెషీన్ నడపడం నెల రోజుల్లో వస్తుంది. ఇలా ఫలితాన్ని అనుమానించడం రావాలంటే ప్లేట్ల దగ్గర చాలాకాలం కూర్చోవాలి.

ప్రవేశాలకు గ్యాట్-బి, సీయూఈటీ పీజీ, జామ్ బయోటెక్నాలజీ రాయించండి. కాలేజీ ఎంచుకునేటప్పుడు బిల్డింగు కాదు, సీనియర్లను కలిసి రెండు ప్రశ్నలడగండి: పీసీఆర్ మెషీన్ విద్యార్థుల చేతికిస్తారా, ఆఖరి సెమిస్టర్ ప్రాజెక్టు సొంతంగా చేయాలా, కొనుక్కొస్తారా?

ఉద్యోగాల సంగతి దాచకుండా చెప్పాలి. ప్రైవేటు ఫుడ్ టెస్టింగ్ ల్యాబుల్లో, మన కోస్తాలో రొయ్యల ఎగుమతి యూనిట్ల ల్యాబుల్లో రోజువారీ పని ఎక్కువగా ప్లేట్లు, రిపోర్టులే. జన్యువుల పని తక్కువ. ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ పోస్టు అర్హతల్లో మైక్రోబయాలజీ డిగ్రీ ఉంది, కానీ నోటిఫికేషన్లు ఎప్పుడో గానీ రావు. అచ్చంగా జన్యువుల మీదే పనిచేయాలంటే పీహెచ్‌డీ తప్పదు. సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలతో పాటు హెచ్ఆర్ఏ (ఇంటద్దె భత్యం) ఇస్తారు. మైసూరు సీఎఫ్‌టీఆర్ఐ (ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ), హైదరాబాద్ తార్నాకలోని ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) లాంటి చోట్ల ప్రయత్నించవచ్చు.

ఫీజు కట్టేముందు ఒక పరీక్ష పెట్టండి. జన్యువుల సమాచారం దాచే ఎన్‌సీబీఐ సైట్ ఉచితం. అందులో ఆ ప్లాస్మిడ్ డీఎన్ఏ క్రమాన్ని తెరిచి సెస్ జన్యువులు ఎక్కడున్నాయో తనంతట తానే వెతుక్కోమనండి. రెండు వారాలు విసుగు లేకుండా దానితో కూర్చుంటే పరిశోధన దారి. మూడో రోజే మూసేస్తే ఎమ్మెస్సీ మైక్రోబయాలజీతో ఆపి ల్యాబ్ ఉద్యోగం చూసుకోవడం మేలు.