పర్లాకిమిడిలో ఇల్లు, పాతపట్నంలో బడి: నవోదయ పరీక్షకు అర్హత ఉండదా?

ఉండదండీ. ఆరో తరగతిలో చేరాలంటే నివాసం, ఐదో తరగతి చదివే బడి రెండూ ఒకే జిల్లాలో ఉండాలి. అందుకే మీ బాబుకి ఇల్లున్న గజపతి జిల్లాలోనూ (ఒడిశా) కుదరదు, బడి ఉన్న శ్రీకాకుళం జిల్లాలోనూ (ఆంధ్రప్రదేశ్) కుదరదు. సీట్లు జిల్లావారీగా, ఒక్కో నవోదయలో గరిష్ఠంగా 80. పక్క జిల్లావాళ్లు వచ్చి వాటిని ఎగరేసుకుపోకూడదనే ఈ షరతు. ఉద్దేశం మంచిదే, కానీ తెలుగు మీడియం కోసం సరిహద్దు దాటే మనలాంటి వాళ్లకి మాత్రం చిక్కే.

అలాగని తొందరపడి పర్లాకిమిడి టౌన్ బడికి మార్చేయకండి. కనీసం 75 శాతం సీట్లు పల్లె పిల్లలవి. 3, 4, 5 తరగతుల్లో ఒక్కరోజు పట్టణ బడిలో ఉన్నా ఆ కోటా పోతుంది. మార్చాలనుకుంటే గజపతిలోనే ఏదైనా పల్లె బడి చూడండి, అదీ ఐదో తరగతి మొదలయ్యేలోపే. పరీక్ష రాసే అవకాశం ఒక్కసారే.