జెనోవాలో రెండు రోజులు

అమ్మడూ,

నవంబరు 1 సెలవు కలుపుకుని మిలాన్ నుంచి ఇటలీ రేవు పట్నం జెనోవా వెళ్తానన్నావు, సంతోషం. నువ్వు పంపిన పట్టీలో ఆ తీరంలోనే ఉన్న పోర్టోఫినో, చింక్వె తెర్రె ఊళ్ళు కూడా ఉన్నాయి. ఆ రెండూ కొట్టెయ్. రెండు రోజుల్లో అన్నీ కుక్కితే రైలు కిటికీ తప్ప ఏమీ చూడవు. ఓడలో ఇంజనీరుగా ఆ రేవుకి ఎన్నోసార్లు వెళ్ళినవాణ్ణి, నా మాట విను.

రైలు గంటన్నర, మహా అయితే రెండు గంటలు. అక్కడ పెద్ద స్టేషన్లు రెండు. నువ్వు దిగాల్సింది పియాజ్జా ప్రిన్చిపేలో. బస అక్కడికీ పాత రేవుకీ మధ్యన చూసుకో. చక్రాల పెట్టె మాత్రం వద్దు. పాత ఊరి సందుల్ని కరూజి అంటారు. కొన్నిచోట్ల చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి, కింద రాతిపలకలు, మెట్లు. ఒకసారి ఓడ దిగి ఇంటికి బయల్దేరుతూ పెద్ద పెట్టెతో అందులో దారితప్పాను. చక్రం విరిగింది, రైలూ పోయింది.

కొండకీ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న ఊరది. పక్కకి జాగా లేక పైకి పాకింది. అందుకే వెళ్ళగానే సందుల్లో దూరకు, ముందు పైకెక్కు. పియాజ్జా పోర్తెల్లో అనే కూడలి దగ్గర, పైనున్న కాస్తెల్లెత్తో పేటకి లిఫ్టుంది. పైనుంచి స్లేటు కప్పులు, రేవు, క్రేన్లు, ఆవల లాంతెర్నా దీపస్తంభం కనిపిస్తాయి. 77 మీటర్లు, ఇప్పుడున్నది 1543లో కట్టింది. ఓడ మీంచి అది కనబడితే మా వంటవాడి మొహం కూడా విచ్చుకునేది.

దిగితే దగ్గర్లోనే వియా గరిబాల్డి, పాత ధనవంతుల భవనాల వీధి. పూర్వం జెనోవా గణతంత్రానికి రాజులో రాయబారులో వస్తే ఏ ధనవంతుడి ఇంట్లో దింపాలో జాబితా ఉండేది, దాని పేరు రోల్లి. అతిథి మర్యాదలన్నీ ఇంటివాడి నెత్తినే! ఆ భవనాల్లో 42 ఇప్పుడు యునెస్కో జాబితాలో ఉన్నాయి. వాటిలో పలాజ్జో రొస్సో చూడు, తుర్సీ భవనంలో వయొలిన్ విద్వాంసుడు పగనీని వాయించిన వయొలిన్ చూడు. సోమవారం మూసుంటాయి, ఆ రోజుకి పెట్టుకోకు. శాన్ లొరెంజో చర్చిలో 1941లో పడి పేలకుండా ఉండిపోయిన ఆంగ్లేయుల ఫిరంగి గుండు ఉంది. అక్వేరియం నీ ఇష్టం. నన్నడిగితే సగం పూట దండగ.

ఇక తిండి. ఫరినాతా అని ఒకటుంది: శనగపిండి, నీళ్ళు, ఆలివ్ నూనె, ఉప్పు, అంతే. వెడల్పాటి రాగి పళ్ళెంలో కట్టెల పొయ్యిలో కాలుస్తారు. నాయనమ్మ వేసే శనగపిండి అట్టుకి దూరపు చుట్టం. వేడిగా ఉన్నప్పుడే తిను, చల్లారితే కాలి చెప్పు అట్టలా ఉంటుంది. పొద్దున్నే ఫొకాచ్చా రొట్టెని పాల కాఫీలో ముంచుకు తింటారు. మొహం చిట్లించకు, టీలో జంతికలు ముంచుకునే ఇంటి పిల్లవి నువ్వు. శాకాహారం అనుకున్నదాంట్లో ఆంచొవీ చేప ఉండొచ్చు, "సెంజా కార్నె, సెంజా పెషె" (మాంసం లేకుండా, చేప లేకుండా) అని ముందే చెప్పు.

చీకటి పడ్డాక వియా ప్రే వైపు సందుల్లోకి వెళ్ళొద్దు. వియా శాన్ లొరెంజో లాంటి వెడల్పు దారే పట్టుకో. శరదృతువులో అక్కడి వానలు ఉట్టి వానలు కావు, 2011లోనూ 2014లోనూ వరదలొచ్చి మనుషులు పోయారు. రెడ్ అలర్ట్ అంటే బుకింగ్ డబ్బులు పోయినా సరే, మిలాన్‌లోనే ఉండిపో. మీ నాన్నకి నేను చెప్పుకుంటాను.

నీ బాబాయి