చొక్కా వాసన చూడటం మీ పని కాదు

ప్రశ్న: మాది గాజువాక. మావారికి 43 ఏళ్లు. స్టీల్ ప్లాంట్‌లో కాంట్రాక్టు పని, మూడు షిఫ్టులూ చేస్తారు. తాగుడు మానడానికి ఆస్పత్రిలో ఉండి వచ్చి రెండు నెలలైంది. డాక్టరుగారు ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ), అంటే తాగుడు మానాలనుకునేవాళ్లు కలిసి కూర్చుని మాట్లాడుకునే మీటింగులకు వెళ్లమన్నారు. తెలిసినవాళ్లు చూస్తే పరువు పోతుందని ఈయన కదలడం లేదు. మీటింగులు చర్చి గదుల్లో పెడతారని ఎవరో చెప్తే మా అత్తగారు అసలే వద్దంటున్నారు. మొన్న జీతాల రోజు మళ్లీ తాగొచ్చారు, అంతా బూడిదలో పోసినట్టైంది. కూరలో కలిపే మందు ఉందని పక్కింటావిడ చెబుతోంది. రోజూ ఆయన చొక్కా వాసన చూడటమే నా పనైపోయింది. ఏం చేయను?

జవాబు: ముందు ఆ కూరలో మందు సంగతి. వద్దమ్మా, దాని జోలికి పోకండి. బయట అమ్మే పొడుల్లో ఏం కలుపుతారో అమ్మేవాడికే తెలియాలి. డాక్టర్లు రాసే డైసల్ఫిరామ్ అనే మాత్ర ఒకటుంది. అది వేసుకున్న మనిషి తాగితే వాంతులు, గుండెదడ వస్తాయి, బీపీ పడిపోతుంది, ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది. అందుకే రోగికి చెప్పి, ఒప్పించాకే ఇస్తారు. మీరు చాటుగా కలిపారని తెలిసిననాడు మీ చేతి అన్నం మీదే ఆయనకు నమ్మకం పోతుంది.

ఇక పరువు. తూలుతూ ఇంటికొచ్చిన రాత్రుళ్లు వీధిలో ఎంతమంది చూశారో ఆయన ఎప్పుడైనా లెక్కేసుకున్నారా? (ఈ మాట మీరు అనకండి, నేనంటున్నాను.) మీటింగులో రిజిస్టరు ఉండదు, ఆధార్ అడగరు, ఇంటిపేరూ అడగరు. ఫీజు లేదు. ఒక డబ్బానో సంచో తిరుగుతుంది, సభ్యులు తోచింది వేస్తారు, కొత్తవాళ్లు వేయకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. తాగుడు మానాలన్న కోరిక ఉంటే చాలు, సభ్యుడైనట్టే. ఒకాయన "నా పేరు ఫలానా, నేను ఆల్కహాలిక్‌ని" అని మొదలుపెట్టి, స్కూటర్ డిక్కీలో పాత గుడ్డ చుట్టి క్వార్టర్ సీసా ఎలా దాచేవాడో చెబుతాడు. మధ్యలో ఎవరూ అడ్డుపడరు. మొదటిరోజు మీవారు నోరు విప్పక్కర్లేదు, విని వచ్చేయొచ్చు. ఒకవేళ ప్లాంటు మనిషే ఎదురుపడ్డాడనుకోండి, అతను వచ్చిందీ అందుకే కదా! అయినా బెరుకు పోకపోతే గాజువాక వదిలేసి, సిటీలో ఇంకోవైపు జరిగే మీటింగు చూసుకోమనండి.

అత్తగారి భయం తీసిపారేసేది కాదు. గది తక్కువకు దొరుకుతుందని చాలాచోట్ల చర్చి హాళ్లలో, స్కూలు గదుల్లో పెట్టుకుంటారు. ఏఏ ఏ మతానికీ చెందినది కాదు. దేవుడి ప్రస్తావన లేదని చెప్పను, ఉంటుంది. కానీ ఎవరి దేవుడు వారికే. సింహాద్రి అప్పన్నను తలుచుకుని కూర్చున్నా చెల్లుతుందని ఆవిడకు చెప్పండి.

జీతాల రోజు తాగినందుకు అంతా పోయిందనుకోకండి. 1935లో బిల్ విల్సన్ అనే స్టాక్ బ్రోకర్ అమెరికాలోని ఆక్రన్ ఊరికి పనిమీద వెళ్లాడు. పని చెడింది. హోటల్లో పక్కనే బారు. అక్కడికి పోకుండా ఉండాలంటే ఇంకో తాగుబోతుతో మాట్లాడటమే దారనుకుని ఫోన్లు చేస్తే, బాబ్ స్మిత్ అనే సర్జన్ దొరికాడు. పావుగంట కూర్చుంటానని వచ్చిన ఆ డాక్టరు గంటల తరబడి ఉండిపోయాడు. కొన్ని వారాలకే ఒక సదస్సుకెళ్లి మళ్లీ తాగాడు కూడా! ఆ తర్వాత ఆ డాక్టరు తాగిన ఆఖరి రోజు, జూన్ 10నే ఈ ఇద్దరూ మొదలుపెట్టిన ఏఏకి పుట్టినరోజుగా చెప్పుకుంటారు. మన దేశంలో 1957 నుంచీ ఉంది.

మీవల్ల కానిది అక్కడ అవుతుందని నేను నమ్మేది ఒక్క కారణానికి. "ఓవర్‌టైమ్ పడింది, లేటైంది" అని మీతో చెప్పినట్టు అక్కడ చెప్పలేరు. వాళ్లంతా ఇంట్లో ఆ మాట చెప్పినవాళ్లే.

మీటింగుల వివరాలకు చూసిన డాక్టరునే అడగండి, లేదా చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆస్పత్రిలో అడగండి. ఏఏ ఇండియా వెబ్‌సైట్‌లోనూ వెతకొచ్చు. మత్తు అలవాట్లకు జాతీయ హెల్ప్‌లైన్ 14446, మానసిక సాయానికి టెలీ మానస్ 14416, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఫోను ఆయన చేతే చేయించండి. మీటింగు తెలుగులో జరుగుతుందా, ఏ టైముకి అని అడగమనండి. చోటు, వేళ మారుతుంటాయి కాబట్టి బయల్దేరే రోజు మళ్లీ ఒకసారి కనుక్కోవాలి. బి షిఫ్టు వారం సాయంత్రాలు కుదరవు, అప్పుడు ఆన్‌లైన్ మీటింగులు. నెలలో ఏ రోజు తప్పినా జీతాల రోజు మాత్రం తప్పకూడదు.

ఒక జాగ్రత్త. ఆయన మళ్లీ రోజూ తాగడం మొదలుపెట్టి ఒక్కసారిగా ఆపేస్తే చేతులు వణకడం, ఫిట్స్, లేనివి కనబడటం జరగొచ్చు. అప్పుడు మీటింగు కాదు, నేరుగా పెద్దాస్పత్రి కేజీహెచ్‌కి తీసుకెళ్లండి.

మీ సంగతి. తాగేవాళ్ల ఇంట్లోవాళ్లకు విడిగా అల్-అనాన్ అని మీటింగులున్నాయి. అందులో ఉన్నవాళ్లు కూడా చొక్కాలు వాసన చూసినవాళ్లే. ఆయన మీటింగుకి వెళ్లినా వెళ్లకపోయినా మీరు వెళ్లొచ్చు. అడిగేటప్పుడు ఇది కూడా అడగండి.

ఆయన మొదటి మీటింగు నుంచి వచ్చిన రాత్రి "ఏమన్నారు, ఎవరొచ్చారు" అని ఆరా తీయకండి. అక్కడి మాటలు అక్కడే ఉండాలి. చొక్కా బకెట్లో పడేసి, అన్నం వడ్డించండి.