ప్రశ్నావళి జవాబులు వచ్చాయి సరే, వాటితో మ్యూజిక్ వీడియో ప్లాన్ చేయడం ఎలా?

కోర్సు కోసం తీయబోయే మ్యూజిక్ వీడియోకి ఆన్‌లైన్‌లో ప్రశ్నావళి పెట్టానన్నారు. వయసెంత, ఎలాంటి సంగీతం ఇష్టం, వీడియోలో ఏమేం ఉంటే బాగుంటుంది అని అడిగారు. జవాబులన్నీ రంగురంగుల పై చార్టులుగా (ముక్కలుగా కోసిన గుండ్రటి బొమ్మలుగా) వచ్చాయి కానీ, స్టోరీబోర్డు, అంటే ఒక్కో షాట్‌కి ఒక్కో బొమ్మ గీసుకునే ప్లాన్, ముందు కూర్చుంటే ఒక్కటీ అక్కరకు రావడం లేదన్నారు. మీడియా విద్యార్థిగా నేనూ ఈ పని చేశాను, ఆ తర్వాత జూనియర్ల ప్రాజెక్టులు కొన్ని దగ్గరుండి చూశాను. నాకు తెలిసినంతలో తేడా జవాబుల్లో కాదు, ప్రశ్నల్లోనే ఉంటుంది.

‘కథ ఉన్న వీడియోలు మీకు ఇష్టమా?’ అని అడిగితే కాదనేవారెవరు? ‘వీడియోలో ఏముండాలి?’ అంటే మంచి లొకేషన్లు, డాన్సు, భావోద్వేగం అని రాస్తారు. అది అబద్ధం కాదు, అలాగని నిజమూ కాదు. తమకు ఏం కావాలో మనుషులు సరిగా చెప్పలేరు, ఏం చేశారో మాత్రం చెప్పగలరు. అందుకే జరిగిపోయిన దాని గురించే అడగండి. ఈమధ్య చివరిదాకా చూసిన పాట వీడియో ఏది? దాన్ని ఎక్కడ, దేని మీద చూశారు? మధ్యలో ఆపేసినది గుర్తుంటే, ఏ చోట ఆపారు? వీడియో చూశారా, లేక పెట్టి వదిలేసి పాట మాత్రం విన్నారా?

ఈ ప్రాజెక్టు అయ్యాక కూడా పనికొచ్చే పద్ధతి ఒకటుంది. ప్రశ్న పక్కనే రెండు రకాల జవాబులు ఊహించి రాసుకోండి. మొదటి జవాబు వస్తే ఏ షాట్ మారుతుంది, రెండోది వస్తే ఏది మారుతుంది? రెండింటికీ మీ ప్లాన్ ఒకేలా ఉండేటట్లయితే ఆ ప్రశ్న కొట్టేయండి. ఈ జల్లెడలో మొదట రాలిపోయేది సాధారణంగా ‘మీ లింగం’ అన్న గడే. ‘దేని మీద చూశారు’ అన్నది మాత్రం గట్టిగా నిలబడుతుంది. ఎక్కువమంది ఫోనులోనే చూస్తామంటే, మైదానం మధ్యలో చుక్కలా కనిపించే మనిషి షాట్ మీద పొద్దంతా ఖర్చుపెట్టడం దండగ. చీకటి సన్నివేశాలకు వెలుతురు ఇంకాస్త పెంచాలి, పెదవుల కదలిక పాటతో కచ్చితంగా కలవాలి.

ఇప్పటికే ఉన్న వీడియోలను తిరగేయడం కూడా పరిశోధనే. మీ పాట తరహా వీడియోల కింద వ్యాఖ్యలు చదవండి. ‘బాగుంది’ అన్నవి దాటేసి, 2:14 దగ్గర అంటూ సమయం రాసినవి ఏరుకోండి. 2022 నుంచి యూట్యూబ్‌లో చాలా వీడియోలకు, జనం ఎక్కువసార్లు వెనక్కి వెళ్లి చూసిన చోట్లు గ్రాఫుగా కనిపిస్తున్నాయి. ఆ ఎత్తుల దగ్గర తెర మీద ఏముందో రాసుకోండి. ఒక జాగ్రత్త: పేరున్న గాయకుడి వీడియోని అభిమానులు ఆయన ముఖం కోసమే చూస్తారు. మీ నటుడికి ఆ వెసులుబాటు లేదు.

అన్నిటికంటే ఎక్కువ నేర్పేది మాత్రం ప్రశ్నావళి కాదు, బొమ్మల వీడియో. స్టోరీబోర్డు బొమ్మలను ఫోనుతో ఫొటోలు తీసి, ఒక్కోటి ఎంతసేపు ఉండాలో అంతసేపు పాట మీద పేర్చండి. గీతలు వంకరగా ఉన్నా ఫర్వాలేదు. మీ ప్రాజెక్టు గురించి ఏమీ తెలియనివారికి చూపించండి. పక్కన కూర్చుని నోరు మెదపకండి. (చాలా కష్టం. ‘ఇక్కడ లైటింగ్ వేరేగా ఉంటుంది’ అని చెప్పాలని నాలుక దురద పెడుతుంది.) తెరను కాదు, వాళ్ల చేతిని చూడండి. వేలు ముందుకు జరపడానికి ఎక్కడ కదిలిందో అక్కడ ఒక గీత పెట్టుకోండి. మా బొమ్మల వీడియోలో పల్లవికి ముందు వచ్చే సంగీతమంతా ఒక అమ్మాయి నడక మీదే సాగేది, పాడేది ఎవరో పల్లవి సగం అయ్యాక గానీ తెలిసేది కాదు. చూసినవాళ్లు వరసగా ‘ఎవరు పాడుతున్నారు?’ అని అడగడంతో, ఆమె ముఖం క్లోజప్‌ని పల్లవి మొదటి మాటకు జరిపాం. నడక సగానికి తగ్గింది.

చూపించాక ఒక్కటే అడగండి: ‘ఇందులో ఏం జరిగిందో మీ మాటల్లో చెప్పండి.’ నచ్చిందా అని అడగకండి, మొహమాటానికి నచ్చిందనే అంటారు. మా వీడియోలో ఒకరు స్నేహితుడి చొక్కా మడిచి తలుపు ముందు పెట్టి వెళ్లిపోతారు. స్నేహం తెగిపోయిందని మా ఉద్దేశం. చాలామందికి ఆ స్నేహితుడు చనిపోయాడని అర్థమైంది. తీసినవాళ్లు పెట్టిన అర్థం, చూసినవాళ్లు తీసుకునే అర్థం ఒకటే కానక్కర్లేదని మీడియా, సంస్కృతుల మీద రాసిన బ్రిటన్ మేధావి స్టూవర్ట్ హాల్ 1973లోనే చెప్పాడు. పరీక్షలో రాయడానికి చదివిన ఆ సంగతి మాకు అక్కడ కళ్లకు కట్టింది. చొక్కా తీసేయలేదు. లోపలి నుంచి తలుపు తెరుచుకుని, ఒక చెయ్యి చొక్కాని లోపలికి లాక్కునే షాట్ చేర్చాం. అనుమానం తీరిపోయింది.

అలాగని జనం అన్నదల్లా మార్చకండి. అర్థం కాలేదన్న ఫిర్యాదు వింటే చాలు. ‘ఇలా తీస్తే బాగుంటుంది’ అన్న సలహా విని ఊరుకోవచ్చు, అది వాళ్ల వీడియో.

ఎవరిని అడగాలన్నది రెండో తలనొప్పి. తరగతి స్నేహితులు మీ నటుడిని చూసి నవ్వుతారు తప్ప పాత్రను చూడరు. స్నేహితుల స్నేహితుల దాకా వెళ్లండి. గుంపుగా కూర్చోబెట్టి మాట్లాడిస్తే గొంతు పెద్దదైనవారి అభిప్రాయమే అందరిదీ అయిపోతుంది. అందుకే ముందు ఎవరికి వారు కాగితం మీద రాశాకే చర్చ మొదలుపెట్టండి. ‘15 నుంచి 25 ఏళ్లవారు’ అని ప్రేక్షకులను నిర్ణయించడం నివేదికకు సరిపోతుంది, షాటుకు సరిపోదు. ఏ వేళ, ఎలాంటి మనసుతో ఆ పాట పెట్టుకుంటారో కూడా రాసుకోండి. చిన్నపిల్లలను అడుగుతుంటే పెద్దల అనుమతి తీసుకోండి, ఫోను నంబర్లు సేకరించకండి.

మార్కుల సంగతి. పై చార్టులు అతికించిన పేజీల కంటే మూడు గడుల పట్టిక బాగా నిలుస్తుంది: ఏం చూపించాం, ఏం విన్నాం, ఏ షాట్ మారింది. స్టోరీబోర్డు మార్చినప్పుడల్లా పాత పేజీని తేదీ వేసి దాచండి, ఆ రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చూపిస్తే వివరణ పెద్దగా రాయనక్కర్లేదు. ఇప్పుడు మీ దగ్గరున్న జవాబులనూ పారేయకండి. వాటిలో ‘ఇతరం’ అన్న గడిలో సొంత మాటల్లో రాసినవి కొన్నైనా ఉంటాయి, ముందు అవి చదవండి.