సీసా మీద వేపాకు బొమ్మ చూసి నమ్మకు

ఒరేయ్ చిన్నోడా,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, నువ్వు హైదరాబాదులో ఉద్యోగం మానేసి వస్తున్నావనీ, కాలవ పక్క మూడెకరాల్లో సేంద్రియ మిర్చి వేస్తావనీ చెప్పాడు. ఒక్క నిమిషం నోట మాట రాలేదు నాకు. ఆ చేలో మా అమ్మ కాయ కోస్తూ నన్ను గట్టు మీద చీర ఉయ్యాల్లో పడుకోబెట్టేదట. ఆ మట్టిలో మళ్ళీ మన పిల్లాడి చెయ్యి పడుతుందంటే కళ్ళు చెమర్చాయి. కానీ రాత్రంతా నిద్ర పట్టలేదు. అందుకే తెల్లారకముందే కూర్చుని రాస్తున్నా.

ఆవు పేడ, మూత్రం, బెల్లంతో జీవామృతం కలపడం నీకు నేను చెప్పేదేముంది, ఈపాటికి చూసే ఉంటావు. పశువుల ఎరువు బాగా మాగినదే తోలించు. చౌకగా వస్తుందని పెద్ద కోళ్ళ ఫారాల ఎరువు తేకు, పంట సేంద్రియమని సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళు ఒప్పుకోరు. రంగు మందు పట్టించిన విత్తనం కొనకు. నర్సరీ నారు అసలే వద్దు. షేడ్‌నెట్ కింద వాళ్ళు ఏం కొట్టారో నీకెవరు చెబుతారు? నారు నువ్వే పోసుకో.

ఇక నన్ను నిద్ర పోనివ్వని సంగతి ఇది.

2021 చివర్లో నల్ల తామరపురుగు వచ్చింది గుర్తుందా? పువ్వు విప్పితే ఒక్కోదాంట్లో పదీ ఇరవై. పూత పూసినట్టే పూసి రాలిపోయేది. చుట్టుపక్కల తోటలు దున్నేస్తున్నారు. నేను వేపగింజల కషాయం కొట్టాను, నీలిరంగు జిగురు అట్టలు కట్టాను. వారం రోజులు పొద్దున్నే వెళ్ళి పూలు విప్పి చూడ్డం, ఇంటికొచ్చి ముద్ద దిగక లేవడం. అప్పుడు మందుల కొట్టతను ఓ సీసా చేతిలో పెట్టాడు. మీద వేపాకు బొమ్మ, 'నూటికి నూరు శాతం మూలికలు' అని రాత. సేంద్రియం వాళ్ళంతా ఇదే పట్టుకెళ్తున్నారక్కా అన్నాడు. రిజిస్ట్రేషన్ నంబరు ఉందా అని చూడలేదు. బిల్లు అడగలేదు. కలిసి సేంద్రియ సర్టిఫికెట్ తీసుకున్న మా రైతుల గుంపులో ఎవరు ఏం వాడారో పుస్తకం రాసేదాన్ని నేనే, మిగతా పదిమందికీ జాగ్రత్తలు చెప్పేదాన్ని నేనే.

సాయంత్రం కొట్టాను. తెల్లారేసరికి పురుగంతా చచ్చి పడుంది. అక్కడే తెలుసుకోవాల్సింది. వేప పురుగు చేత తిండి మానిపిస్తుంది, ఎదగనివ్వదు. బవేరియా లాంటి బూజు పట్టి చంపడానికి రోజులు పడుతుంది. రాత్రికి రాత్రి అంతా చచ్చిందంటే అనుమానపడాలి. ఇవన్నీ తెలిసి కూడా ఆ పొద్దున నేను సంతోషపడ్డాన్రా. చేలోనే దణ్ణం పెట్టుకున్నాను.

కాయ ఎండాక మా మిర్చి కొనే కంపెనీ వాళ్ళు శాంపిలు తీశారు. ల్యాబు కాగితంలో ఫిప్రోనిల్ అని వచ్చింది, అది రసాయన పురుగుమందు. పదకొండు మంది కాయా ఒకే లాటు. లాటు మొత్తం వద్దన్నారు. అందరిదీ మామూలు కాయ కింద ఖమ్మం యార్డుకు తోలాం. రసాయనం తగలకుండా గడిస్తేనే సేంద్రియం అనే రెండేళ్ళ లెక్క నా పొలానికి మళ్ళీ మొదటి నుంచి మొదలైంది. అది నాకు తగినదే. పక్క చేను వదినకు ఏం పాపం? తను నన్ను ఒక్క మాట అనలేదు. బస్తాలకు కుట్టిన గుంపు చీటీలు ఒక్కొక్కటే ఊడదీసి తెచ్చి నా చేతిలో పెట్టింది. అవి ఇప్పటికీ బీరువాలో ఉన్నాయి. వస్తే చూపిస్తా.

అందుకని, కొన్నది ఏదైనా సరే, కొట్టే ముందు సీసా నాలుగు పక్కలా ఫోటో తీసి మీ సర్టిఫికెట్ వాళ్ళకు పంపు. వాళ్ళ మందుల జాబితాలో కొన్ని వాడుకోవచ్చు, కొన్ని వాళ్ళ అనుమతితోనే వాడాలి. నోటిమాట చాలదు, రాసి ఇవ్వమను. కొట్టతను ఏదో ఆమోదపత్రం చూపిస్తే అందులో ఉన్న మందు పేరు, సీసా మీద పేరు ఒకటేనా, గడువు ఉందా చూడు. వేప మందైనా, బవేరియా లాంటి బూజుతో చేసిన మందైనా, పురుగుకో తెగులుకో అని అమ్మేదానికి రిజిస్ట్రేషన్ నంబరు ఉండి తీరాలి. లేకపోతే అక్కడే పెట్టి వచ్చెయ్. బిల్లును నీ పొలం పుస్తకంలో అంటించు. సీసా అడుగున మిగిలిన కాస్త పారబొయ్యకు, మూత బిగించి దాచు. నేను దాచి ఉంటే ఆ మందులో ఏముందో పరీక్ష చేయించి ఉండేవాళ్ళం.

పక్కవాళ్ళ తైవాన్ స్ప్రేయర్ అడిగి తేకు, వాళ్ళు కొట్టిన మందు అందులో మిగిలి ఉంటుంది. మీ నాన్న పాత యూరియా సంచులు కడిగి పెట్టాడేమో, వాటిలో కాయ నింపనివ్వకు. కోప్పడితే నేను చెప్పానని చెప్పు.

ఎక్కువ తిట్టానా? నీ మీద నమ్మకం లేక కాదు నాన్నా. పూత రాలుతుంటే మనిషి ఎలా అయిపోతాడో నాకు తెలుసు.

ఇక్కడ వేపపళ్ళు రాలుతున్నాయి. రోజూ ఏరి గుజ్జు తీసి గింజలు నీడలో ఆరబోస్తున్నా. వంద లీటర్ల కషాయానికి ఐదు కిలోల పప్పు కావాలి, నీ మూడెకరాలకు మొదటి రెండు దఫాలకైనా సరిపడా దాస్తా. నారుమడి కట్టగానే ఫోన్ చెయ్, గోనెసంచితో బస్సెక్కుతా. పువ్వులో పురుగు కనబడితే అర్ధరాత్రైనా సరే నన్ను లేపు. నేను వచ్చేదాకా కొట్టుకు మాత్రం పోకు.

మీ అత్త